లాకులో పట్టని పడవ

ఆమె పాడెకు కట్టిన తాళ్లు చూసి, ఆ పూటకు తగని నవ్వొకటి నా పెదాల దాకా వచ్చి ఆగింది. వాడకట్టు కుర్రాళ్లు నలుగురు కలిసి ఏదో చుట్టారు, ఏదో లాగారు, ఎలాగో బిగించారు. ఆమెకే గనక లేచి కూర్చునే వీలుంటే ఆ ముడులన్నీ విప్పించి, తన చేత్తో మళ్లీ కట్టుకుని, అప్పుడు వెనక్కి వాలేది. “గిది ముడా? చుట్టరికమా? ఏడ మొదలైందో ఏడ అయిపోయిందో ఎవ్వనికి ఎరుక లేదు” అనేది తప్పకుండా.

కట్టంగూరు నుంచి ఆటోలో కొంత దూరం పోతే వచ్చే ఊరు అది. నేను అక్కడి బడిలో పంతులమ్మను. ఆమె ఇల్లు మా ఇంటికి ఎదురుగా ఉండేది. ఊళ్లో అందరూ ఆమెను పడవామె అనేవారు. ఏరూ లేదు, వాగులో వానాకాలం దాటితే తడి ఉండదు, బోరు ఎంత లోతుకు దించినా రాయే తగులుతుంది. పడవను పాఠ్యపుస్తకంలో తప్ప చూడని అటువంటి ఊళ్లో ఆ పేరుతో ఒక మనిషి యాభై ఏళ్లకు పైగా బతికింది. ఆమె పుట్టింది కృష్ణా డెల్టా కాలువ మీద, నడుస్తున్న పడవలో. “ఏ ఊర్ల పుట్టినవు పెద్దమ్మా?” అని నేను అడిగితే, “మా అమ్మకే తెల్వదు. నొప్పులు మొదలైనప్పుడు ఒక ఊరు, నేను ఏడ్సినప్పుడు ఇంకో ఊరు. పడవ ఆగితే గదా చెప్పనీకి” అంది.

ముడుల పిచ్చి అక్కడి నుంచి వచ్చిందే. ఎవరి బట్టల తీగ జారినా, ఎవరి బర్రె పలుపు తెంచుకున్నా ఆమె చేయి వేయకుండా ఉండలేకపోయేది. విప్పి కట్టేది. కట్టి ఒకసారి గుంజి చూసేది. గుంజినప్పుడు ఆమె తల కొంచెం పక్కకు వాలేది, తాడు చెప్పేది వింటున్నట్టు.

ఇంకొకటి కూడా ఉండేది. ఎవరు ఏ పెద్ద వస్తువు కొంటామన్నా ఆమె అడిగే మొదటి మాట, “తలుపు కొలిచినవా?” అని. మేం ఫ్రిజ్ కొనబోయే ముందు మా గడపలో నిలబడి, మోచేతి నుంచి వేలి కొస దాకా చాపి ద్వారబంధం అటూ ఇటూ కొలిచింది. “సూస్కో పంతులమ్మా. కొన్నంక ఇల్లు కూలగొట్టుడు కష్టం” అంది. మా వెనకింటివాళ్లు ఆమె మాట వినక తెచ్చుకున్న సోఫా వానాకాలమంతా వాకిట్లో పట్టా కప్పుకుని కూర్చుంది. రోజూ ఆ దారినే పోతూ ఆమె దానివైపు చూసేది గానీ ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. అది నాకు వింతగా ఉండేది. మామూలుగా అయితే ఎత్తిపొడవడానికి ఆమె వెనకాడే మనిషి కాదు.

ఆమె మాట అంతా మా నల్లగొండ మాటే. కాకపోతే కోపం వచ్చినప్పుడు మాత్రం కోస్తా మాట బయటికి వచ్చేది. “పోరా” అనే మనిషి “వెళ్లండి” అన్నదంటే ఎదుటివాడు జాగ్రత్త పడవలసిందే. కిరాణా కొట్టతను ఒకసారి పాత చింతపండు అంటగడితే, “మీరు చాలా మంచివారండీ” అంది. అతను మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.

రాష్ట్రం కోసం కొట్లాట జరిగిన రోజుల్లో ఒకడు నలుగురిలో ఆమెను ఆట పట్టించాడట. “పెద్దమ్మా, తెలంగాణ అస్తే నువ్వు మీ ఆంధ్రకు పోవుడేనా?” అని. “పోత బిడ్డా. పడవ తోలు” అందట ఆమె. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. హైవే మీద పొయ్యిలు పెట్టి వంటలు వండిన నాడు గాలికి టెంటు లేచిపోతుంటే, తాళ్లు కట్టమని వచ్చి ఆమెను పిలిచింది అతనేనట. ఆమె కట్టిన టెంటు మళ్లీ కదల్లేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమె భర్త ఈ ఊరివాడే. కుర్రతనంలో సాగర్ డ్యామ్ కట్టేచోటికి కూలికి పోయి, అక్కడి నుంచి ఎవరి వెంటో డెల్టాకు పోయి, ఒక లాకు దగ్గర తలుపులు తెరిచి మూసే లస్కరు పనిలో కుదిరాడు. నేను ఆ ఊరికి బదిలీ మీద వచ్చేనాటికి ఆయన లేడు. గోడ మీద ఫొటోలో ఉన్నాడు, నవ్వు ఆపుకుంటున్న మొహంతో. ఒక్కడే కొడుకు. లారీ నడిపేవాడు. ఆ లారీతో ఆమెకు తీరని వైరం. రోడ్ల మీదికి లారీలు వచ్చాకే కాలువల మీద పడవలు పోయాయి. “మా నాయిన పగోని దగ్గర కొలువు చేస్తున్నవురా నువ్వు” అనేది కొడుకుతో. అతను ఇంటికొస్తే ముందు లారీ చుట్టూ తిరిగి, సరుకు మీది తాళ్లన్నీ గుంజి చూసి, తర్వాత కొడుకు మొహం చూసేది. అంత చూసినా, ఒక్కనాడూ ఆ లారీ ఎక్కలేదు. ఎన్నిసార్లు బతిమాలినా బస్సులోనే పోయేది.

లాకు అంటే ఏమిటో నాకు చెప్పింది ఆమే. ఒక వాన వెలిసిన సాయంత్రం, వాళ్ల వాకిట్లో నీళ్లు పోయే సన్నటి మోరీకి రెండు చోట్ల పెంకు ముక్కలు అడ్డం పెట్టింది. “గీ రెండు తలుపుల నడుమ పడవొచ్చి నిలబడుతది. కింది తలుపు మూస్తరు. మీది తలుపుల నుంచి నీళ్లు ఇడుస్తరు. నీళ్లు లేస్తుంటే పడవ గూడ లేస్తది. మీది కాలువంత ఎత్తుకు అచ్చినంక మీది తలుపు తీస్తరు. పడవ పోతది” అంది. చింతాకు ఒకటి పడవై ఆ పెంకుల మధ్య పైకి లేచింది. నేను పిల్లలా చూస్తుండిపోయాను. “లాకు గోడల నడుమ ఎంత జాగా ఉంటే పడవ అంతే ఉండాలె. జానెడు ఎక్కువున్నా లోపలికి రాదు” అని చెప్పి, ఎందుకో అక్కడితో ఆపి, పెంకులు తీసి పారేసింది.

ఆమె తండ్రి కథ నాకు తెలిసింది ఆ తర్వాత చాన్నాళ్లకు, ఒక వేసవిలో.

సాయంత్రాలు నేను వాళ్ల అరుగు మీద కూర్చుని పేపరు చదివి వినిపించేదాన్ని. ఆమె చేటలో కందిపప్పు ఏరుతూ వినేది. సగం వార్తలకు “అట్లనా” అనేది, మిగతా సగానికి అదీ లేదు. ఆ రోజు లోపలి పేజీలో ఒక చిన్న వార్త ఉంది. డెల్టా కాలువల మీద మళ్లీ పడవలు తిప్పాలని ఆలోచన, ఇప్పటి పెద్ద పడవలకు పాత లాకులు సరిపోవు కాబట్టి వాటిని పడగొట్టి వెడల్పుగా కడుతున్నారు, కాలువలు కట్టేసిన ఈ ఎండాకాలంలోనే పని మొదలైంది అని. కింద లాకు ఉన్న ఊరి పేరు ఉంది. అది చదివాను.

చేట మీద ఆమె చేయి ఆగిపోయింది.

“మల్లొక్కసారి సదువు.”

చదివాను.

“ఎడల్పు జేస్తున్నరా? చేస్తరంటనా?”

“చేస్తున్నారనే ఉంది పెద్దమ్మా. పని మొదలైందట.”

ఆమె చేట పక్కన పెట్టింది. తర్వాత, “నన్ను ఆడికి తోల్కపోతవా పంతులమ్మా? నీకు సెలవులే గదా” అంది.

పప్పు అలాగే చేటలో ఉంది. దాన్ని పక్కన ఉంచుకునే ఆమె నాకు తన తండ్రి గురించి చెప్పింది.

ఆ లాకుకూ, దానికి దిగువన ఉన్న లాకుకూ మధ్య పది మైళ్లు కూడా ఉండదట. ఆమె తండ్రికి ఆ కాలువ మీద ఒక సన్నటి పడవ ఉండేది. అది పాతబడింది. కొత్తది చేయించుకోవాలనుకుంటున్న రోజుల్లో ఎవరో ఇంజనీర్లు వచ్చి లాకు కొలిచి, గోడల మీద సున్నంతో గీతలు గీసి పోయారు. లాకు వెడల్పవుతుందన్నారు. ఆయన ఆ గీతలు చూసుకుని, కాలువ గట్టు మీదే వడ్రంగుల్ని పెట్టి, అందరి పడవల కంటే మూరెడు వెడల్పుగా పడవ చేయించాడు. రేపు లాకు వెడల్పయ్యాక అందరి కంటే ఎక్కువ బరువు తనే తోలవచ్చునని. పడవ రెండు లాకుల మధ్య నీళ్లలోకి దిగింది. లాకు వెడల్పు కాలేదు.

“ఇగ అటు పోనీకి లేదు, ఇటు పోనీకి లేదు. గా రెండు తలుపుల నడుమనే తిరిగినం. వడ్ల బస్తాలు మీది లాకు దాకా తోలుడు, ఆడ దించుడు. కూలోళ్లు నెత్తిన పెట్టుకొని గోడ దాటించి అవతలి పడవల ఏసుడు. మా పడవ మల్ల ఎనకకు తిరుగుడు. నా పెండ్లి అయ్యేదాక నాకు గంతే లోకం.”

“పడవను కోయించి సన్నగా చేయించుకోవచ్చుగా?” అన్నాను.

“అందరు గదే అన్నరు. వెడల్పు పడవాయన అని నవ్విన్రు. మా నాయిన ఇనలే. అయితది, అయితది అన్నడు.”

కొడుకు ఆ వారమే ఇంటికొచ్చాడు. అతని లారీకి అటువైపు సరుకు ఉంది. బస్సులు మారి మారి పోవడం ఈ వయసులో కష్టమని అతను అన్నాడు. ఆమె వాకిట్లోకి పోయి లారీని పైనుంచి కింది దాకా చూసింది. “ఎక్కుత. కానీ పాటలు పెట్టకు” అంది. అలా అన్నేళ్ల వైరం మధ్యలో ఆమె మొదటిసారి లారీ ఎక్కింది. కొడుకూ నేనూ కలిసి ఆమెను క్యాబిన్‌లోకి ఎక్కించాం. దారి పొడుగునా రెండు చేతులతో ముందున్న కమ్మీని పట్టుకుని, రోడ్డును కాకుండా పక్కన ఎక్కడైనా నీళ్లు కనిపిస్తాయా అని చూస్తూ కూర్చుంది.

మేం చేరేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కుతోంది. కాలువ ఎండి ఉంది. అడుగున పగుళ్లిచ్చిన బురద, మధ్యలో అక్కడక్కడా పచ్చటి మడుగులు. లాకు ఒక పక్క గోడ పాతదే, నల్లటి రాతి గోడ. రెండో పక్క గోడ సగం పడగొట్టి ఉంది. దానికి బాగా అవతల కొత్త గోడ కోసం ఇనుప చువ్వలు లేచి ఉన్నాయి. చెక్క తలుపులు ఎప్పుడో పోయాయి.

పని చేస్తున్నవాళ్లు నీడకు కూర్చుని సద్దులు విప్పుతున్నారు. మాటలు విని ఆమె ఠక్కున ఆగింది.

“యాడోళ్లు బిడ్డా మీరు?”

“పాలమూరు అవ్వా. నారాయణపేట దిక్కు” అన్నాడు మేస్త్రీ. “నీదేడ?”

“నల్లగొండ. కట్టంగూరు కాడ.”

“అబ్బో, మనోళ్లే! గింత దూరం ఏం పని మీద అచ్చినవు అవ్వా?”

“గీ లాకు సూడనీకే.”

వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకామె జరిగి చోటిచ్చి, జొన్నరొట్టె తుంచి చేతిలో పెట్టింది. ఆమె కాదనకుండా తిన్నది. తింటూనే మేస్త్రీని అడిగింది. “నిజంగ ఎడల్పు జేస్తున్నరా? ఎంత?”

అతను చేయి చాపి పాత గోడనూ కొత్త చువ్వలనూ చూపించాడు. “గీడికెల్లి గాడిదాకా అవ్వా. ఇప్పటి పెద్ద పడవలు పట్టాలె గదా. పాత పడవలైతే రెండు పక్కపక్కన పడతయి.”

“రెండా” అంది ఆమె.

రొట్టె తిని చేతులు కడుక్కుని లేచింది. లోపలికి దిగుతానంది. మేస్త్రీ ముందు వద్దన్నాడు గానీ, ఆమె మొహం చూసి తానే ముందు నడిచి, మట్టి పోసిన వాలు మీదుగా చేయి పట్టి దించాడు. వెనక కొడుకూ నేనూ దిగాం. ఆమె దిగువ తలుపు ఉండే చోట నిలబడి, కొంగు నడుముకు దోపుకుని, మెల్లగా నడిచింది. పాత గోడ పక్కనే, దాన్ని తాకకుండా. నడిచి నడిచి ఎగువ తలుపు ఉండే చోటు దాటి, అవతలి కాలువ అడుగున నిలబడింది. తన తండ్రి పడవ ఒక్కసారి కూడా రాని చోటు అది. వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. మొహం మీద చెమట తప్ప ఏమీ లేదు.

కొడుకు కూలిన గోడలో నుంచి ఒక రాతి ముక్క తీసుకుని దుమ్ము దులిపాడు. ఇంటికి తీసుకుపోదామన్నాడు.

“ఆడ పెట్టు దాన్ని. మా నాయినను ఆపిన గోడ అది. దాన్ని తీస్కపోయి ఇంట్ల పెట్టుకుంటనా?”

అతను పెట్టేశాడు. గోడ నీడన ముగ్గురం కూర్చున్నాం. అప్పుడు ఆమె కొడుకు వైపు తిరిగి, అతను పుట్టి యాభై ఏళ్లవుతున్నా చెప్పని మాట చెప్పింది.

“మీ బాపు గీడ్నే నిలబడేటోడురా, గీ గోడ మీద. మా పడవ వచ్చినప్పుడల్లా మా నాయిన కిందికెల్లి కేక ఏసేటోడు. ఏమయ్యా, వెడల్పు ఎప్పుడు చేస్తారట అని. మీ బాపు మీదికెల్లి, వచ్చే ఎండాకాలం చేస్తరంట మామా అనేటోడు. ప్రతి ఏడు గదే మాట. మా నాయిన ఆ మాట పట్టుకొని పడవను ఇప్పియ్యలే. కడకు పడవలే పోయే కాలమొచ్చినంక పలకలకు పలకలు ఇప్పి అమ్మిండు. మాకు పెండ్లి జేసి, ఏడాది తిరగకుండ పోయిండు.”

“అయితే?” అన్నాడు కొడుకు.

“మన ఊరికి అచ్చిన మొదటి ఎండాకాలం మీ బాపు నవ్వుకుంట చెప్పిండు. లాకు పని మొదటి ఏడే రద్దయిందంట. ఆ సంగతి ఆయనకు ఎరుకేనంట.”

కొడుకు కాసేపు అర్థం కానట్టు చూశాడు. “ఎరుక ఉండి గట్లెందుకు చెప్పిండు?”

“నిజం చెప్తే మా నాయిన ఆ పడవ ఇప్పేసి సన్నపడవ చేపిచ్చుకుంటుండె. లాకు దాటి పోతుంటిమి. నెలకో రెండు నెలలకో ఒకపారి కనబడుతుంటిమేమో. పెద్ద పడవైతే రెండు రోజులకోపారి గీడికి రావాల్సిందే, బస్తాలు దిగేదాక నిలవాల్సిందే.” ఆమె ఆగి చీర అంచుతో మెడ తుడుచుకుంది. “నన్ను సూడనీకి మా నాయినను ఆపిండు.”

పైన మేస్త్రీ ఎవరినో పనికి లేవమంటున్నాడు.

“ఆ ఎండాకాలమంతా మీ బాపును అండి అనే పిలిచిన” అంది ఆమె. “అన్నం తింటారా అండి. నీళ్లు కావాలా అండి. పాపం, సగమైపోయిండు. తర్వాత నువ్వు కడుపుల పడ్డవు. ఎవ్వరికి చెప్పుకోను?”

కొడుకు తండ్రిని వెనకేసుకు రాబోయాడు. “పోనీ అమ్మా. ఇప్పుడు నిజంగనే చేస్తున్నరు గదా. బాపు చెప్పింది నిజమే అయింది.”

“ఇప్పుడైంది. చెప్పిననాడు అబద్ధమే.”

“మరి ఆయన గట్ల చెప్పకపోతే నేనేడుంటి?”

ఆమె కొడుకు మొహాన్ని చాలాసేపు చూసింది. చేయి చాపి అతని చొక్కా కాలర్‌కు అంటిన రాతి దుమ్ము దులిపింది. “గదే గదరా నా బాధ” అంది. “నిన్ను సూసినప్పుడల్లా మీ బాపును మాఫ్ జేస్త. మా నాయిన యాదికొచ్చినప్పుడల్లా మల్ల మొదటికస్త.”

తిరుగు ప్రయాణంలో రోడ్డు కొంత దూరం కాలువ గట్టు వెంటే సాగింది. ఒకచోట ఆమె కొడుకు భుజం తట్టి లారీ ఆపమంది. చూడటానికి అక్కడ ఏమీ లేదు. గట్టు, తుమ్మచెట్లు, ఎండిన కాలువ. తన తండ్రి పడవను చేసిందీ, చివరికి విప్పిందీ అక్కడేనని ఆమె చెప్పింది. తనను దించమని, మమ్మల్ని రావద్దని, ఒక్కతే గట్టు అంచుదాకా నడిచింది.

చాలా దూరాన ఉన్న మనిషిని, పైగా సరిగా వినపడని మనిషిని పిలిచినట్టు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కాలువలోకి గట్టిగా కేకేసింది.

“నాయినా! వెడల్పు చేస్తున్నారు! నేను చూసొచ్చాను!”

ఎండలో ఆ కేక అవతలి గట్టును తాకి పోయింది. పొలంలో గొర్రెలు కాస్తున్న ఒకాయన తలెత్తి చూశాడు. ఆమె అలాగే నిలబడి ఉంది, తల కొంచెం ముందుకు వంచి. కొడుకు ఇంజిన్ ఆపేశాడు. కాసేపటికి ఆమె తిరిగొచ్చి, మా చేతులు పట్టుకుని లారీ ఎక్కింది.

“ఇగ పోదాం” అంది.